ఇద్దరి పరుపు

గుంటూరు,
9 ఫిబ్రవరి 2003

ఖుర్షిదా పిన్నికి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఏమిటనుకుంటావు. మీ ఫోను హాల్లో టీవీ పక్కన ఉంటుంది, టీవీ ఎదురుగా మీ అబ్బాయి రహమాన్ అన్నయ్య ఉంటాడు. నేను అడగబోయే సంగతికి నువ్వు అక్కడ నిలబడి ఆఁ, ఊఁ అనడం తప్ప ఏమీ చెప్పలేవు.

నా పీహెచ్‌డీ గురించి అమ్మ నీకు "ఆరోగ్యం మీద ఏదో రాస్తోంది" అని చెప్పి ఉంటుంది. ఆరోగ్యం కాదు పిన్నీ, కామం. ఆడవాళ్లలో అది ఎప్పుడు మొదలై, ఎలా మారుతూ, ఎందాకా ఉంటుందో పెద్దమనిషైన ఏడు నుంచి ముసలితనం దాకా అడిగి రాసుకుంటున్నాను. కాలేజీ పిల్లలు చెప్పారు, కొత్త పెళ్లికూతుళ్లు చెప్పారు, నలభైల్లో ఉన్నవాళ్లు అడగనివి కూడా చెప్పారు. యాభై దాటిన వాళ్ల దగ్గర బండి ఆగిపోయింది. తాడేపల్లిలో అమ్మ స్నేహితురాలు ఒకావిడ నా ప్రశ్నలు చదివి, అమ్మకి ఫోన్ చేసి "పిల్లకి త్వరగా సంబంధం చూడు వదినా" అంది.

మా గైడు యలమందయ్య గారు అసలు ఆ అధ్యాయమే వద్దంటున్నారు. "యాభై దాటాక మోకాళ్ల నొప్పులు తప్ప ఏముంటాయమ్మా?" అంటారు. నేను గట్టిగా వాదించాను. చివరికి ఒక షరతు పెట్టారు. జులై నెలాఖరులోగా యాభై దాటిన వాళ్ల ఫారాలు ముప్పై తెస్తే ఉంచుతారు. ఒక్కటి తగ్గినా తీసేస్తారు.

ముప్పై అయిదు ఫారాలు పంపుతున్నాను. పేరు రాయక్కర్లేదు, నంబరు చాలు. ఆఖరి గడిలో మనిషి జవాబు చెప్పేటప్పుడు ఎలా ఉందో, నవ్విందా, కోప్పడిందా, ఊరుకుందా, కన్నీళ్లు పెట్టుకుందా, టిక్కు పెట్టాలి. తాడేపల్లిలో మా పక్కింట్లో ఉండి, ఆస్పత్రిలో నన్ను ఈ లోకంలోకి లాగింది నువ్వే కాబట్టి, లాగినందుకు ఇంకొంచెం కష్టపడాలి మరి.

నీ
శ్రీరమ్య


సత్తెనపల్లి,
20 ఫిబ్రవరి

అమ్మాయ్ శ్రీరమ్యా,

ఆశీస్సులు. నీ ఫారాలు చేరాయి. బీరువాలో చీరల అడుగున దాచాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఏ సర్కారు కాగితాన్నీ ఇంత భద్రంగా దాచలేదు.

ప్రశ్నలు చదివాను. "దాంపత్య సాన్నిహిత్యపు పౌనఃపున్యం ఎంత?" అని అడిగావు. ఈ మాట వింటే మా వెంకటరావమ్మ గారు బీపీ చూడమని చెయ్యి చాపుతుంది. నేను నా భాషలో అడుగుతాను, నువ్వు నీ భాషలో రాసుకో.

మీ గైడు గారిని ఏమీ అనకు. నేనూ ఆ బళ్లో చదివినదాన్నే. మా నర్సుల దగ్గర "అర్హులైన దంపతులు" అని ఒక రిజిస్టరు ఉంటుంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఇల్లాళ్ల పేర్లన్నీ అందులో ఉంటాయి. నలభై అయిదు దాటిందా, ఎర్రసిరాతో ఒక గీత. ఇక ఆ దంపతులు అర్హులు కారు. ఎన్ని వందల మందికి గీశానో. నాకు నలభై అయిదు నిండిన రోజున నా పేరు మీద కూడా నేనే గీసుకున్నాను, రూలు కదా. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి మా ఆయన మ్యాట్నీకి రెండు టిక్కెట్లు తెచ్చి, కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పోయేదాకా ఆయనకి రిజిస్టరు సంగతి తెలియదు పాపం.

ఎక్కడ అడగాలన్నదే ఆలోచించాను. ఇళ్లల్లో కోడళ్లు ఉంటారు. కోల్డ్ స్టోరేజీ పక్కన మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు ఉంది. పెద్దవాళ్లంతా అక్కడే చేరతారు. ఆ ఘాటుకి తుమ్మలేక మగాళ్లు గుమ్మం దాటి లోపలికి రారు. బీపీ చూసే వంకతో వెళ్తాను. జూన్ ముప్పైన రిటైరవుతున్నాను, పోయే ముందు ఒక మంచి పాపం చేసి పోతాను.

నీ పిన్ని
ఖుర్షిదా


సత్తెనపల్లి,
16 మార్చి

అమ్మాయ్,

పద్ధెనిమిది ఫారాలు పంపుతున్నాను. వీళ్లు చెప్పరేమో అనుకున్నాను. ఆపడమే కష్టమైంది.

నీ తొమ్మిదో ప్రశ్న మాత్రం తప్పు. "ఏ వయసులో ఆగిపోయింది?" అన్నావు. ఇక్కడ ఎవరికీ వయసు తెలియదు. మంచం బయటికి వెళ్లిన ఏడు తెలుసు. పెద్దకొడుక్కి పెళ్లి చేసి కోడల్ని తెచ్చుకున్న రోజున గది వాళ్లకి ఇచ్చి, మామగారి మంచం వసారాలో వేస్తారు. అత్త వంటింట్లో చాప పరుచుకుంటుంది. ఆ తర్వాత అత్త గనక మామగారికి మంచినీళ్లిచ్చి రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే ఊరంతా నవ్వుతుంది. అంతే, ఆగిపోయింది. ఒంట్లో ఏమీ ఆగలేదు, మంచం కదిలింది. వెంకటరావమ్మ గారికి అప్పటికి నలభై రెండేళ్లు. ఉప్పెన వచ్చిన ఏడు. "నీకు బాధనిపించలేదా?" అన్నాను. "నన్నెవరడిగారమ్మా? మంచాన్ని అడిగారా, నన్నడిగారా?" అంది.

సుబ్బరావమ్మ మాత్రం గట్టిది. "కోడలొచ్చాక మా మిరపచేనుకి దొంగల భయం ఎక్కువైంది. ఇద్దరం కాపలాకి పోయేవాళ్లం. పదేళ్లు కాశాం, ఒక్క దొంగా రాలేదు" అంది. షెడ్డంతా ఒకటే నవ్వులు. రెబ్కా మొగుడు పోయి ఆరేళ్లయింది. ఆ ప్రశ్నకి జవాబుగా "ఆయన దిండు గలీబు ఇంకా ఉతకలేదక్కా" అని తట్ట దగ్గరికి లాక్కుంది. ఏ గడిలో రాయాలో తెలియక పక్కన రాశాను.

ఏడు ఎవరికైనా గుర్తులేకపోతే దానికీ మార్గం దొరికింది. మా బజారులో అల్లాబక్షు గారని దూదేకే ఆయన ఉన్నారు. కొడుకు పెళ్లికి పెద్దవాళ్ల ఇద్దరి పరుపు విప్పించి, ఆ దూది మళ్లీ ఏకించి, కొత్త దూది కలిపి కొత్త జంటకి పరుపు కుట్టిస్తారు. పెద్దవాళ్లకి రెండు సన్న పరుపులు. కాబట్టి ఊళ్లో ఎవరి సంసారం ఏ ఏడు రెండయిందో ఆయనకి గుర్తు. అడిగితే "నీలం చారల గుడ్డ, పన్నెండు కిలోల బూరుగు దూది" అని కూడా చెబుతాడు. నీ పీహెచ్‌డీ ఆయనకే ఇవ్వాలి.

ఖుర్షిదా


గుంటూరు,
27 మార్చి

పిన్నీ,

నువ్వు బంగారం. మంచం సంగతి చదివి ఎగిరి గంతేశాను. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

గైడు గారు కూడా మొదటిసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కానీ ఆయన్ని కదిలించింది మంచం కాదు, ఆఖరి గడి. పద్ధెనిమిది మందిలో పద్ధెనిమిది మందీ కన్నీళ్లు పెట్టుకున్నారు. సుబ్బరావమ్మ గారు కూడా, అంత నవ్వించి. "చూశావామ్మా, ఆ నవ్వు వెనక ఎంత ఏడుపు ఉందో" అన్నారు. గ్రామీణ వృద్ధ స్త్రీల మౌన వేదన అని వ్యాసం మొదలుపెట్టేశారు. మే నెలలో హైదరాబాదులో సెమినారు ఉంది, అక్కడ చదువుతారట. యాభై దాటాక ఏమీ ఉండదన్న మనిషి ఇప్పుడు దుఃఖం ఉంటుందని ఒప్పుకున్నారు, అదే గొప్ప.

మిగిలిన పన్నెండూ త్వరగా పంపు. అల్లాబక్షు గారికి నా నమస్కారాలు.

శ్రీరమ్య


సత్తెనపల్లి,
14 ఏప్రిల్

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి షెడ్డులోనే నవ్వాను. నాకూ కన్నీళ్లొచ్చాయి. అవి మిరపకాయలమ్మా. ఆ షెడ్డులో పెళ్లి శుభలేఖ చదివినా ఏడుస్తారు. ఏడ్చిందా అన్నావు, కళ్లల్లో నీళ్లున్నాయి, టిక్కు పెట్టాను. మొత్తం మీద నిజంగా ఏడ్చింది రెబ్కా ఒక్కతే. ఆమె అప్పుడు కాయ కూడా ముట్టుకోలేదు. మీ గైడు గారికి వెంటనే చెప్పు, పెద్దమనిషి సభలో పరువు పోగొట్టుకుంటాడు.

ఇంకో పన్నెండు పంపుతున్నాను. పదకొండు షెడ్డువి. ముప్పయ్యోది మాత్రం ఇంట్లో కూర్చుని రాసింది. ఆవిడ నాకు బాగా తెలుసు. మొగుడు పోయి పదకొండేళ్లు. కొడుకు పెళ్లికి ఇద్దరి పరుపు విప్పించి ఇచ్చేసింది. ఇప్పుడు వసారాలో సన్న పరుపు మీద పడుకుంటుంది. నీ ఫారాల పని మీద ఒక ఆయన కొట్టుకి నాలుగుసార్లు వెళ్లింది, తారీఖులు సరిచూసుకోవడానికి. అయిదోసారి తారీఖులేమీ లేకపోయినా వెళ్లింది. ఆయనా ఆరేళ్లుగా ఒంటరివాడే. మొన్న దూది ఏకుతూ, తల ఎత్తకుండా, "ఇన్నేళ్లూ ఇద్దరి పరుపులు విప్పడమే అయిందమ్మా. ఒకటి మనకోసం కుట్టాలని ఉంది. నీకిష్టమైతే నిఖా చేసుకుందాం" అన్నాడు. ఆవిడకి యాభై ఎనిమిది. గుండె పరుగెత్తింది. నాడి చూసుకుంటే నిమిషానికి నూట పది.

రిటైరయిన రోజున జవాబు చెబుతానంది. ఇష్టం లేక కాదు. కొడుకు ముందు నోరు తెరవాలంటే భయం. ఇరవై రెండో ప్రశ్నకి, "ఇప్పుడు కోరిక ఉందా?" అన్నదానికి, "ఉంది" అని రాసింది. ఎవరితోనైనా ఆ మాట చెప్పడం అదే మొదలు. చదువుకున్నదానివి, ఆవిడకి ఏం చెప్పమంటావు?

ఖుర్షిదా


గుంటూరు,
26 ఏప్రిల్

పిన్నీ,

ఆ ముప్పయ్యో ఫారం ఎవరిదో తెలియనట్టు రాయడం నాకు చేతకాదు. నీ రాత నాకు తెలుసు. అయిదోసారి కొట్టుకి ఎవరు వెళ్లారో కూడా తెలుసు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్ను నొప్పించాలని కాదు. అల్లాబక్షు గారు మంచివారే అయి ఉంటారు. కానీ ఈ వయసులో ఇదంతా అవసరమా? రహమాన్ అన్నయ్య నలుగురిలో తిరిగే మనిషి, రేపు ఎవరైనా ఒక మాటంటే ఎలా తట్టుకుంటాడు? నగ్మా వదిన తన పుట్టింటివాళ్లకి ఏం చెప్పుకుంటుంది? ఈ వయసులో తోడు కావాలంటే మా తాడేపల్లి ఇంటికి రా, అమ్మ ఎంతో సంతోషిస్తుంది. లేదంటే ఎప్పటినుంచో అనుకుంటున్నావుగా, హజ్‌కి వెళ్లిరా. ఈ వయసులో మనసుకి కావలసింది ప్రశాంతత.

పరిశోధన వేరు, మన ఇల్లు వేరు. కోపం తెచ్చుకోకు. నీ మేలు కోరే చెబుతున్నాను. ఫారం మాత్రం చాలా విలువైనది. దాంతో ముప్పై పూర్తయ్యాయి.

శ్రీరమ్య


సత్తెనపల్లి,
5 మే

శ్రీరమ్యకి,

నీ ఉత్తరంలో "ఈ వయసులో" అని మూడుచోట్ల ఉంది. మూడింటి కిందా ఎర్రసిరాతో గీత గీశాను. చెయ్యి అలవాటు పడింది కదా.

నాకు మీ గైడు గారి మీద గౌరవం పెరిగింది. ఆయన నమ్మనిది నమ్మనని మొదటే చెప్పాడు. నువ్వు ఊరి ఆడవాళ్లందరికీ ఉంటుందని నమ్మావు, మీ పిన్నికి తప్ప. వెంకటరావమ్మకి ఉంటే అధ్యాయం, నాకు ఉంటే హజ్. హజ్‌కి వెళ్తానమ్మా, ఎందుకు వెళ్లను. అది కోరిక చంపుకోవడానికి వెళ్లే చోటని నీకెవరు చెప్పారు?

ముప్పై మూడేళ్లు జనాల పడకల సంగతులన్నీ నా చెవిలో పడ్డాయి. ఒక్కరూ నన్ను తిరిగి అడగలేదు. అడిగిన మొదటి మనిషివి నువ్వు. అచ్చుకాగితం మీదైనా సరే, అడిగావు కదా అని నిజం రాశాను. దానికి నువ్విచ్చిన జవాబు రహమాన్ ఇచ్చే జవాబే. వాడి నోటినుంచి వింటే ఇంత బాధపడేదాన్ని కాదు.

ముప్పయ్యో ఫారం వెనక్కి పంపించు. పేరు లేకపోయినా అది నాది.

ఖుర్షిదా


గుంటూరు,
8 జూన్

పిన్నీ,

ఫారం ఈ కవర్లోనే ఉంది. జిరాక్సు తీసుకోలేదు.

నెల రోజులు నీకు రాయలేకపోయాను, సిగ్గుతో. నీ ఉత్తరం అందిన రోజు నేను నా వయసు వాళ్ల ఫారం తీసి, ఒకసారి నేనే నింపి చూద్దామని కూర్చున్నాను. నాలుగో ప్రశ్న దాకా వెళ్లి కలం మూత పెట్టేశాను. ఆ ప్రశ్నలు రాసింది నేనే. నువ్వు ఇరవై రెండో ప్రశ్నదాకా వెళ్లి "ఉంది" అని రాశావు. అదెంత పనో అప్పుడు తెలిసింది. నన్ను క్షమించు. నేను రాసిన ప్రతి మాటా తప్పు.

మిరపకాయల సంగతి గైడు గారికి సెమినారుకి ముందే చెప్పాను. మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత "కన్నీళ్లు కన్నీళ్లేనమ్మా, కారణం మనం తేల్చాలి" అని వ్యాసం చదివేశారు. చప్పట్లు బాగా కొట్టారట. నా థీసిస్‌లో మాత్రం ఆ గడి కొట్టేశాను. రెబ్కా గారి దిండు గలీబు సంగతి మాత్రం ఉంచాను.

ఇప్పుడు నా దగ్గర ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఒకటి తక్కువ, అధ్యాయం పోతుంది. ఇంకొకరిని వెతికి పెట్టమని అడగను. నీ ఫారం తిరిగి ఇమ్మని అసలే అడగను. ఒక్కటే అడుగుతాను. జూన్ ముప్పైన ఆయనకి అవునని చెప్పు పిన్నీ. రహమాన్ అన్నయ్యతో నేను మాట్లాడమంటే వచ్చి మాట్లాడతాను. టీవీ కట్టేసి కూర్చోబెడతాను.

శ్రీరమ్య


సత్తెనపల్లి,
13 జులై

అమ్మాయ్ శ్రీరమ్యా,

నువ్వు రానక్కర్లేకపోయింది. జూన్ ముప్పైన శాలువా కప్పి, దండ వేసి, గోడగడియారం ఇచ్చి పంపించారు. ఆ దండ మెళ్లో ఉండగానే దారిలో కొట్టు దగ్గర ఆగి "సరే" అన్నాను. ఆయన దూది ఏకే కర్ర పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, "కూర్చో, టీ చెబుతాను" అన్నాడు. అంతే మాట్లాడాడు.

ఇంట్లో రహమాన్‌తో చెప్పాను. వాడు టీవీ కట్టేశాడు. "నలుగురికీ ఏం చెప్పుకోవాలమ్మా?" అన్నాడు. "మీ అమ్మ పెళ్లి చేసుకుందని చెప్పుకోరా" అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో తారీఖు, శుక్రవారం నిఖా. మసీదు పక్కన ఆయన తమ్ముడింట్లో, పదిమందిలో. షెడ్డు నుంచి వెంకటరావమ్మ, సుబ్బరావమ్మ, రెబ్కా వచ్చారు. రహమాన్ వస్తాడో రాడో అనుకున్నాను. ఖాజీ గారు మొదలుపెట్టాక వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. అయిపోయాక విప్పి లోపలికొచ్చి కూర్చుని బిర్యానీ తిన్నాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడు. వాడికీ కొంచెం టైము కావాలి, ఇస్తాను.

నగ్మా సంగతి చెప్పాలి. ఆ పిల్ల ఈ విషయంలో ఇంతవరకూ అవునని గానీ కాదని గానీ అనలేదు. నిఖాకి రెండు రోజుల ముందు రిక్షాలో ఒక పరుపు వేసుకుని కొట్టుకి వెళ్లిందట. వాళ్లిద్దరూ పడుకునేది. ఎనిమిదేళ్ల కింద వాళ్ల పెళ్లికని నేను విప్పించి ఇచ్చిన దూది అందులోనే ఉంది. "ఈ దూది అత్తయ్యది మామయ్యా. ఏకి, మీ ఇద్దరికీ కుట్టండి. మాకు కొత్తది కొనుక్కుంటాం" అందట. ఆయన చేతుల మీదుగా ఈ ఊళ్లో ఎన్నో పరుపులు అత్తల దగ్గర్నుంచి కోడళ్లకి వెళ్లాయి. కోడలి దగ్గర్నుంచి అత్తకి వెనక్కి వచ్చింది ఇదొక్కటేనట.

ముప్పయ్యో ఫారం మళ్లీ పంపుతున్నాను. నెలాఖరులోగా నీకు అందుతుంది. నువ్వు అడగలేదు, నేనే ఇస్తున్నాను. కొన్ని గళ్లు మార్చాల్సి వచ్చింది. "వితంతువు" అన్నది కొట్టేసి "వివాహిత" అని రాశాను, ఎర్రసిరాతోనే. తొమ్మిదో ప్రశ్న, ఎప్పుడు ఆగిపోయింది అన్నది, ఖాళీగా ఉంచాను. ఆఖరి గడి నువ్వు కొట్టేశానన్నావు గానీ నాది ఉంచు. కన్నీళ్లకి టిక్కు పెట్టాను. రాసేటప్పుడు ఇంట్లో మిరపకాయలు లేవు.

నీ పిన్ని
ఖుర్షిదా